నల్లగుడ్డకున్న విలువ

ల్యాబులో జానెడు గుడ్డముక్కకు దొరికే మర్యాద మన కరెంటు ఆపరేటర్‌కు దొరకదు. నమ్మరా? వినండి.

హైవోల్టేజీ ప్యానెల్ లోపల ఆర్క్ లేచిందంటే మాటలు కాదు. సూర్యుడి పైపొర వేడి 5,500 డిగ్రీలు. ఆర్క్ దాన్ని మించిపోతుంది. రాగి కడ్డీ కరగడం కాదు, ఆవిరైపోతుంది. ఆ ఒత్తిడికి ఇనుప తలుపు ఉడికే గిన్నె మీది మూతలా ఎగురుతుంది. అందుకే ఐఈసీ 62271-200 అని ఒక ప్రమాణం ఉంది. మన దేశమూ దాన్ని తెచ్చి ఐఎస్ ముద్ర వేసుకుంది. పరీక్షలో ప్యానెల్ లోపల కావాలనే ఆర్క్ పుట్టిస్తారు. బయట 30 సెంటీమీటర్ల దూరంలో నల్ల నూలుగుడ్డ ముక్కలు నిలబెడతారు. తలుపు తెరుచుకోకూడదు. రేకుకు చిల్లి పడకూడదు. ప్యానెల్ నుంచి పెద్ద ముక్కలు ఎగరకూడదు. ఎర్తింగ్ తెగకూడదు. గుడ్డ అంటుకోకూడదు. అంటుకుందా, ప్యానెల్ ఫెయిల్!

ఇంతకీ ఆ గుడ్డ ఎవరు? ఆపరేటర్. అతని ఒంటికి బదులు అక్కడ నిలబడ్డది అదే.

ఇప్పుడు అసలు ఒంటి సంగతి చూద్దాం. ఆ పరీక్ష గెలిచిన ప్యానెల్ సర్టిఫికెట్ తలుపు మూసి, బోల్టులన్నీ బిగించి ఉన్నంతవరకే చెల్లుతుంది. బ్రేకర్ ట్రాలీ సరిగ్గా కూర్చుందో లేదో చూద్దామని తలుపు తెరిచి హ్యాండిల్ తిప్పితే? కాగితం కాగితమే, మనిషి బూడిదే. వెనక కవరుకు పన్నెండు బోల్టులుండాల్సిన చోట నాలుగే ఉంటే? ‘మిగతావి ఏడవొయినయో ఏమో సార్!’ వేడిగాలి పైకి పోయేందుకు పెట్టిన మూత మీద పాత లాగ్‌బుక్కుల కట్టలు పేరిస్తే? బ్యాటరీ చచ్చి రిలే ట్రిప్ కాకపోతే? సెకను సేపు తట్టుకునే ప్యానెల్‌ను ఇంకో సెకను కాల్చి చూస్తామా?

ఇంకో తమాషా. ఈ ఆర్క్ పరీక్ష తప్పనిసరి కాదు. కొనేవాడు అడిగితేనే. అడగాల్సింది ఎవరు? టెండరు రాసే సారు. సారు నిలబడేది ఎక్కడ? ఏసీ గదిలో. గెలిచేది ఎవరు? తక్కువ ధర వేసినవాడు. మరి కాలేది ఎవరు?

మా మెండోర మండలంలోనే శ్రీరాంసాగర్ ఉంది. ఆనకట్ట కింద 36 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం. చుట్టూ పసుపు, ఎర్రజొన్న, వరి. 2018 జనవరి 1 నుంచి సాగుకు 24 గంటల ఉచిత కరెంటన్నారు. మంచిదే, ఎవరు వద్దన్నారు? కానీ ఆ 24 గంటలూ ప్యానెళ్ల ముందు నిలబడేవాడికి ఏమిచ్చారు? పేరిచ్చారు! 2017లో విద్యుత్ సంస్థల కాంట్రాక్టు కార్మికులను ‘ఆర్టిజన్’ అన్నారు. అంటే చేతిపనివాడు. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని చేసే పనే కదా, పేరు భలే కుదిరింది.

మనమేమైనా తక్కువ తిన్నామా? ఫీడర్ ట్రిప్పయిన ఐదో నిమిషంలో ఫోను. ‘ఏం జేస్తున్నవ్ రా, పండుకున్నవా? మోటర్ ఆగింది!’ ఎందుకు ట్రిప్పయిందో చూడకుండా మళ్లీ ఛార్జ్ చేయమని ఇటు మన తిట్లు, అటు పై నుంచి ఫోన్లు. లోపల ఫాల్టు అలాగే ఉంటే ఆ బ్రేకర్ పడేది ఆర్క్ మీదనే.

శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రం గుర్తుందా? 2020 ఆగస్టు 20 రాత్రి. 900 మెగావాట్ల కేంద్రంలో మంటలు లేచాయి, పొగ సొరంగమంతా నిండింది. తొమ్మిది మంది పోయారు. సీఐడీ విచారణ అన్నారు. పోయినవారిలో డీఈ కుటుంబానికి 50 లక్షలు, మిగతావారికి తలా 25 లక్షలు ప్రకటించారు. చచ్చాక మన దగ్గర రేటు పక్కాగా ఉంటుంది. బతికుండగానే పెట్టే ఖర్చుకు మాత్రం బడ్జెట్ ఉండదు. ఆర్క్ వెలుగును పసిగట్టి మిల్లీసెకన్లలో కరెంటు కోసేసే రిలేలున్నాయి. బ్రేకర్ ట్రాలీని దూరం నుంచే లోపలికి, బయటికి నడిపే మోటార్లున్నాయి. చంద్రుడి మీద నుంచి తేవక్కర్లేదు, బజార్లో దొరుకుతాయి.

రూలు బుక్కులో గ్లవ్స్ ఉన్నాయి, హెల్మెట్ ఉంది, రబ్బరు బూట్లు ఉన్నాయి. గోడ మీద షాక్ కొట్టినవాణ్ని ఎలా బతికించాలో బొమ్మలున్నాయి. హవాయి చెప్పులతో ఆ బొమ్మల కింద కూర్చున్నవాడి గురించే ఎక్కడా ఏమీ లేదు.

మార్చి 4 వస్తుంది. జాతీయ భద్రతా దినోత్సవం. ప్రతిజ్ఞ, ఫొటో, సమోసా. ఈసారి వచ్చే పెద్దసారుకు ఒక్క మనవి. బ్యానర్ పక్కన పెట్టండి. జేబులోని చేతిరుమాలు తీసి ప్యానెల్‌కు 30 సెంటీమీటర్ల దూరంలో వేలాడదీయండి. ఆపరేటర్ బ్రేకర్‌ను లోపలికి తోస్తాడు. మీరు ఆ రుమాలు పక్కనే నిలబడండి.