కొరివిదెయ్యం తొలి రూపం

మా గేమ్ మొదలుపెట్టి ముగించడానికి నలభై నిమిషాలు చాలు. దానికి తోడుగా నేను కూర్చిన డిజిటల్ ఆర్ట్‌బుక్ తిరగేయాలంటే మాత్రం గంటన్నర పడుతుంది. పైగా పుస్తకం దాదాపు సిద్ధం, గేమే ఇంకా కాలేదు. సంబంధం కుదరకముందే పెళ్ళి ఆల్బమ్ చేయించినవాణ్ణి బిలాస్‌పూర్ తిఫ్రాలో నేనొక్కణ్ణే అయ్యుంటాను.

పగలు పక్కనే సిర్గిట్టీలో ఒక వర్క్‌షాపులో బ్రాకెట్లకూ ఫ్లాంజీలకూ డ్రాయింగులు గీస్తాను. రాత్రి భోజనాలయ్యాక అదే చేత్తో బొమ్మలు. కోడింగు మా బామ్మర్దిది. వాడు గోడో ఇంజన్ మీద, నేను క్రిటా మీద. రెండూ ఉచితం. "పైసా ఖర్చు లేదు" అన్న ఒక్క ముక్కతో ఇంట్లో అనుమతి సంపాదించాను. కరెంటు బిల్లు ఆ ముక్కలోకి రాదు.

కథ మా తాతది. 1887లో పుట్టిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే 1891కల్లా నాగ్‌పూర్ నుంచి బిలాస్‌పూర్ మీదుగా అసన్‌సోల్ దాకా పట్టాలు వేసేసింది. 1902లో విజయనగరం, కటక్‌ల మధ్య లైను కూడా దాని కిందికే వచ్చింది. అంటే పలాసలో రైలెక్కినవాడు కంపెనీ దాటకుండానే బిలాస్‌పూర్‌లో తేలొచ్చు. మా తాత అలాగే తేలి, రాత్రిపూట పట్టాల వెంట నడిచే పెట్రోల్‌మ్యాన్ అయ్యాడు. చేతిలో దీపం, సంచిలో పటాకాలు. దీపావళివి కాదు. పట్టా విరిగినచోటికి ముందు రైలు పట్టా మీద బిగిస్తే ఇంజను చక్రం కింద ధనామని పేలి డ్రైవరును ఆపేవి. మా గేమ్‌లో ఆయనకి దూరంగా ఓ ఎర్ర వెలుగు కనిపిస్తుంది. సిగ్నలా, కొరివిదెయ్యమా? ఆడేవాడు తేల్చుకోవాలి. ఆట ఇంతే. ఇంతదానికి ఇన్నేళ్ళేమిటని మా అత్త కూడా అడగలేదు, మీరూ అడక్కండి.

ఆర్ట్‌బుక్ పిచ్చి నాకు కప్‌హెడ్ వల్ల పట్టింది. 1930ల కార్టూన్ల పద్ధతిలో కాగితం మీద పెన్సిలుతో ఒక్కో ఫ్రేమూ గీసి, కెనడా అన్నదమ్ములు 2017లో విడుదల చేసిన గేమ్ అది. 2020లో దాని బొమ్మల పుస్తకం వచ్చింది. ఆ గేమ్ కోసం వాళ్ళు ఇళ్ళు తాకట్టు పెట్టారన్న సంగతి మా ఇంట్లో నేనెప్పుడూ ఎత్తలేదు. అదే 2020లో పుణే కుర్రాళ్ళు రాజీ అనే గేమ్‌లో రాజస్థాన్ కోటలనీ పహాడీ చిత్రాల ఛాయలనీ దింపారు. మనకేం తక్కువ? అర్పా ఇసుక ఉంది, లోకో షెడ్డు ఉంది, నేనున్నాను.

అయితే ఆర్ట్‌బుక్‌తో ఒక చిక్కుంది. గేమ్‌లో కనిపించే బొమ్మలు అందులో పావు వంతుంటే గొప్ప. తక్కినదంతా పక్కన పడేసిన సరుకే: మొదట అనుకున్న ముఖం, వద్దనుకున్న టోపీ, ముందూ వెనకా పక్కా తిప్పి గీసిన నమూనాలు, మార్జిన్‌లో రాసుకున్న గొణుగుడు. కొనేవాళ్ళు డబ్బిచ్చేది దానికే. గేమ్‌లోని కొరివిదెయ్యం ఎవరి పోలికా లేని పొగా నిప్పూ. కానీ అది ఆ పొగగా మారకముందు ఏడు చిత్తుబొమ్మల్లో అచ్చం మా ఆవిడ. మొదటి దాంట్లో నైటీ, నడుం మీద చెయ్యి, విరబోసుకున్న జుట్టు. రెండోదాంట్లో నోట కొరివికి బదులు చేతిలో అట్లకాడ. మూడోది కరెంటు పోయిన రాత్రి ఇన్వర్టరుకి నీళ్ళు పొయ్యడం మరిచిపోయిన మనిషిని చూసే చూపు. ఆ మనిషి పేరు అడక్కండి. నా కెరీర్‌లో అంత ప్రాణమున్న గీత మళ్ళీ పడలేదు. అలాంటిది పుస్తకంలో పెట్టకుండా ఎలా?

నా ధైర్యాలు నాకున్నాయి. గేమ్ అమ్మాలనుకున్నది స్టీమ్ అనే ఆన్‌లైన్ కొట్టులో. "బావా, స్టీమ్‌లో పీడీఎఫ్ పెడితే గేమ్ ఫోల్డరు అడుగున ఎక్కడో పడుంటుంది. ఎవడూ వెతుక్కోడు" అన్నాడు బామ్మర్ది. అదొకటి. రెండోది, కింద వివరణలు తెలుగులో రాశాను. ఈ ఊళ్ళో రైల్వే తెలుగువాళ్ళ పిల్లల చదువులు ఎక్కువగా హిందీలోనే. మా ఆవిడ తెలుగు గడగడా మాట్లాడుతుంది, అక్షరం మాత్రం రాదు. ఫాంటు కూడా ఏరి ఏరి సూరన్న పెట్టాను. పేజీలు పేర్చే సాఫ్ట్‌వేరులో వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగు తగిలేదాకా ఒత్తులు అక్షరం కింద నిలబడక పక్కకి జారిపోయేవి. అది సరిచేసుకున్న రాత్రి ఎంత మురిసిపోయానో. వివరణ ఇప్పుడు ఎవరైనా చదవగలిగేంత స్పష్టంగా ఉంది.

చదివింది మా అత్త. పలాస బళ్ళో చదువుకున్నావిడ. తప్పులు దిద్దుతుందని ట్యాబు నేనే చేతికిచ్చాను. హాల్లో కూర్చుని, కళ్ళజోడు సర్దుకుని, పైకే చదివింది: "కొరివిదెయ్యం, తొలి రూపం. ముఖకవళికలు ఇంట్లోంచే తీసుకున్నవి."

"ఓలమ్మో, ఇది మన గుంటే కదా!"

వంటింట్లో కుక్కరు కూత కూడా ఆగినట్టనిపించింది. మా ఆవిడ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, ట్యాబు లాక్కుని, రెండు వేళ్ళతో బొమ్మ పెద్దది చేసి చూసింది. మూడొందల డీపీఐలో పెట్టాను కదా, ఎంత పెద్దది చేసినా చెదరలేదు. నైటీ మీద పసుపు మరక దాకా కనిపించింది.

"ఏటండీ ఇది?"

"పాత్ర రూపకల్పన."

"దెయ్యమైతే అయింది. నైటీ ఏటి? పుస్తకం అమెరికావోళ్ళు కూడా చూస్తారన్నారు. నాకు పట్టుచీరల్లేవా?"

ఇప్పుడు ఏడు చిత్తుబొమ్మలూ మళ్ళీ గీస్తున్నాను. దెయ్యానికి కంచిపట్టు, మామిడిపిందెల అంచు. జుట్టు విరబోసుకునే ఉండొచ్చుట, మల్లెపూలుండాలి. అట్లకాడ ఉంచుకుంది, అది తనకి నచ్చింది. కొత్తగా గీసినవి తొలినాటి చిత్తుల్లా కనబడాలి గనక కాగితం మీద కాస్త టీ చిలకరించి, అంచులు నలిపి, స్కాన్ చేస్తున్నాను. ఇకమీదట ఎవరి ఆర్ట్‌బుక్‌లో తొలి ఆలోచన అని రాసివున్నా టీ మరక ముందు చూస్తాను.

స్టీమ్‌లో పెట్టడానికి వంద డాలర్లు ముందే కట్టాలనీ, అమ్మకాలు వెయ్యి డాలర్లకు చేరితే తిరిగిస్తారనీ ఈ సందట్లోనే చెప్పేశాను. "చేరకపోతే?" అంది. ఇచ్ డాట్ ఐఓ అనే ఇంకో కొట్టులో ముందు కట్టేదేమీ లేదు, అక్కడే పెడదామన్నాను. పైసా ఖర్చు లేదన్న మాట మీదే ఇంకా నిలబడి ఉన్నాను.

నిన్న సాయంత్రం బామ్మర్ది ఫోన్ చేసి గేమ్ ఎప్పుడు ముగిద్దామని అడిగాడు. మా అత్త నా పక్కనే కూర్చుని ఉంది, తన బొమ్మ ఏ పేజీలో వస్తుందో తేల్చమని. కామినీ పిశాచం పాత్ర ఒకటి ఖాళీగా ఉన్నమాట నిజమే. ఆమెకి స్టేషన్ మాస్టరు వేషం ఇచ్చాను.