ఊరుచూపరి

కార్తికం మొదలు సంక్రాంతి దాకా ఉత్తరాంధ్ర ఏటిగట్టు పల్లెలకు కారులో వచ్చి, పొద్దు వాలేలోగా అక్కడి జీవనవిధానాన్ని ఆమూలాగ్రం గ్రహించి వెళ్లిపోయే పట్టణవాసిని ఈ వ్యాసంలో ఊరుచూపరి అని వ్యవహరించడమైనది. ఇతడు తీర్థయాత్రికుడు కాడు. శ్రీముఖలింగంలో మధుకేశ్వరుణ్ణి దర్శించుకున్నా, తూర్పు గాంగుల పాతరాజధాని కళింగనగరం ఇదేనని వెంట వచ్చినవారికి చెప్పడం మీద ఉన్న శ్రద్ధ ప్రదక్షిణ మీద ఉండదు. చరిత్రకారుడూ కాడు, వంశధార దక్షిణ తీరాన శాలిహుండం కొండమీది బౌద్ధ స్తూపాల దగ్గర అతడు వేసే మొదటి ప్రశ్న నీడ ఎక్కడుందన్నది.

ఇతని అన్వేషణ అంతా అసలైన పల్లె కోసం. అసలైన పల్లె అంటే తాటాకు కప్పు, పేడతో అలికిన అరుగు, ముగ్గు, ముగ్గు పక్కన వీలైతే ఒక ముసలమ్మ. కొడుకు హైదరాబాదులో కూలిచేసి పంపిన డబ్బుతో స్లాబు వేయించుకున్న గృహస్థు ఆ ఇంటిని గర్వంగా చూపబోతే, ఊరుచూపరి ముఖంలో దగ్గరి చుట్టం పోయినంత దిగులు కమ్ముకుంటుంది. తాను ఐదో అంతస్తులో కాపురముంటున్న సంగతి ఆ క్షణాన అతనికి స్ఫురించదు. ఫొటోకు అడ్డమొచ్చే ప్లాస్టిక్ కుర్చీని, అందులో కూర్చున్నవారిని లేపి మరీ, స్వయంగా మోసుకెళ్లి పెరట్లో పెడతాడు. గ్యాసు మీద వండుకుంటున్న ఇల్లాలిని కట్టెల పొయ్యి రాజేయమని బతిమాలేదీ, పొగకు కళ్లు మండి ముందుగా బయటికి పరుగెత్తేదీ అతడే. చోడి అంబలి, అంటే రాగిపిండితో కాచే పల్చని జావ, ఉల్లిపాయ నంజుకుంటూ రెండు గుక్కలు తాగి, అమృతమని ప్రకటించి, గ్లాసును ఎవరూ చూడకుండా అరుగు చివరికి జరుపుతాడు. ఇల్లాలు చూస్తూనే ఉంటుంది. "ఏటి బాబూ, బాగులేదేటి?" అని ఒక్కసారి అడిగి, జవాబు కోసం ఆగకుండా టీ పెట్టడం ఆ పల్లెల మర్యాద.

నైలునది మీద అస్వాన్ ఆనకట్ట కట్టినప్పుడు, 1960ల్లో, నూబియన్ల ఊళ్లు అనేకం నీట మునిగాయి. అస్వాన్ దగ్గర ఘర్బ్ సొహైల్ వంటి నూబియన్ పల్లెల్లో రంగులు వేసిన గోడలు చూడటానికి ఇప్పుడు లోకమంతా పడవలెక్కి పోతోంది. ఊరుచూపరి ఆ గోడలను ఫోనులో చూసి నిట్టూరుస్తాడు గాని, హిరమండలం జలాశయం కోసం ఊళ్లొదిలినవారి కాలనీల వైపు అతని కారు తిరగదు, అవి కొత్తవి గనుక, పైగా అక్కడ అరుగుల మీద ముసలమ్మలు ముగ్గుల పక్కన కుదరరు గనుక. జలాశయం గట్టున దిగి నీళ్ల నిమ్మళాన్ని మెచ్చుకుంటాడు. అడుగున ఏముందని అడిగే అలవాటు ఈ జాతికి లేదు.

తిరుగుదారిలో పొందూరు తప్పదు. అక్కడి సన్నఖద్దరు గాంధీజీ మెప్పు పొందినది. పూజలో కట్టుకోవడానికి మడిపంచెల చాపు కొని, ఇంత మెత్తదనం ఎలా వచ్చిందని జిజ్ఞాస కొద్దీ అడుగుతాడు. వడికే ఆమె దాచకుండా చూపిస్తుంది: అది వాలుగ చేప దవడ ఎముక, దాని పళ్లు సన్నగా, ఒత్తుగా ఉంటాయి, పత్తిని వాటిమీదుగా మెల్లగా లాగితే నలకలు రాలి పోగులు బారుగా సాగుతాయి. శాకాహార నిష్ఠాపరుడైన ఊరుచూపరి చేతిలోని చాపును ఒంటికి తగలకుండా పట్టుకుని, చేప తగలని రకం లేదా అంటాడు. "మిల్లుబట్టుంది బాబూ, బజారు నిండా అదే" అంటుందామె. డబ్బు కట్టేశాడు గనుక, ఆ చాపును సంక్రాంతికి బావమరిదికి పెట్టాలని కారెక్కేలోగా తీర్మానించుకుని, దవడ మాట ఇంట్లో ఎత్తవద్దని డ్రైవరుకు గట్టిగా చెబుతాడు.