18 డిగ్రీల హిమపాతం

డిసెంబరు రాగానే గుంటూరు, ప్రకాశం జిల్లాల మీద ఏటా ఒక ప్రకృతి వైపరీత్యం విరుచుకుపడుతుంది. ప్రభుత్వం దీన్ని ఇంకా గుర్తించలేదు గానీ అమ్మమ్మలు, నాయనమ్మలు ఎప్పుడో గుర్తించారు. తెల్లవారుజామున ఉష్ణోగ్రత 18 డిగ్రీలకు 'పడిపోతుంది'. మధ్యాహ్నానికి మళ్లీ 30 దగ్గరకొచ్చి చెమటలు పడతాయి, అది లెక్కలోకి రాదు. సాయంత్రం అయిదు దాటిందా, "బయటికి పోమాకరా, మంచు పడతంది" అంటూ తలుపులు మూస్తారు. నాలుగేళ్ల బుడ్డోడికి స్వెట్టరు, దానిమీద ఇంకో స్వెట్టరు, నెత్తిన మంకీ క్యాప్. కళ్లు మాత్రమే కనపడే ఆ శాల్తీ సోఫాలో కూర్చుని, ఎక్కడో ఎవరి పిల్లలో ఆడుకుంటుంటే సెల్‌ఫోన్లో చూస్తుంటాడు.

పడిశం పది రోగాల పెట్టు అన్న మాట నిజమే. ఆ పడిశం తెచ్చేది వైరస్. దానికి మూసిన గదీ, అందులో తుమ్ముతున్న మేనమామా దొరికితే ఇంకేం కావాలి? పైగా మంచం కింద దోమల కాయిల్ పొగ. అయినా పిల్లాడు దగ్గితే నేరం మంచుదే. మిర్చి యార్డు ఘాటుకు వీధి వీధంతా దగ్గుతున్నా ముద్దాయి మారడు. (ఉబ్బసం పిల్లలకు, నెలల పసికందులకు డాక్టరు చెప్పే జాగ్రత్తలు వేరు. వాళ్ల జోలికి నేను పోను.)

ఇదే బుడ్డోణ్ని మే నెలలో చూడండి. రెంటచింతలలో ఎండ 45 దాటిన పూట, పగటి ముహూర్తం పెళ్లిలో, జరీ షేర్వాణీ తొడిగి షామియానా కింద కూర్చోబెడతారు. వడదెబ్బ తగులుతుందేమో అంటే "మనోళ్లకి అలవాటేలే" అంటారు. రాత్రికి ఏసీ సరిగ్గా 18లో పెట్టి పడుకోబెడతారు. కరెంటు బిల్లు కట్టి తెచ్చుకున్న 18 సుఖం, ఆకాశం ఊరికే ఇచ్చిన 18 న్యుమోనియా!

ఫిన్లాండులో పసివాళ్లను గడ్డకట్టే చలిలోనూ తోపుడుబండిలో ఆరుబయటే నిద్రపుచ్చుతారు. అంత దూరం ఎందుకు, మిన్నసోటాలో ఉన్న మనవడు మంచుముద్దలు విసురుతుంటే వీడియో కాల్లో చూసి, "ఎంత హుషారో మావాడు" అని మురిసిపోయేది మన అమ్మమ్మే. ఫోను పెట్టేసి ఇక్కడి మనవడికి మూడో స్వెట్టరు వెతుకుతుంది.

మన పాతవాళ్లకు ఇంత భయం ఉన్నట్టు లేదు. ధనుర్మాసమంతా పిల్లలు తెల్లారకముందే హరిదాసు వెనక తిరిగేవారు. భోగినాడు నాలుగింటికే లేపి, నూనె రాసి, తలంటి మంట దగ్గరికి తోలేవారు. ఇప్పటికీ ఆ ఒక్కపూట మంచు సెలవులో ఉంటుంది.

నిజంగా చలికి వణికేవాళ్లు వేరే ఉన్నారు. పత్తి తీతకు, మిరప కోతకు కర్నూలు వైపు నుంచి వచ్చిన కూలీల పిల్లలు పొలం గట్టున పట్టా గుడారాల్లో ఉంటారు. ఆ చలి ఆట కాదు, లేమి. వాళ్లకు కావలసిన స్వెట్టరు మన బుడ్డోడి రెండో స్వెట్టరే.

చలి శివరాత్రికి శివశివా అంటూ పోతుంది కదా, అప్పుడు ఆడుకోనిద్దాం అంటారు పెద్దలు. అప్పటికి ఎండ, ఆ తర్వాత వాన. ఈ మైదాన ప్రాంతంలో పిల్లలు హాయిగా పరుగెత్తగలిగిన మూడు నెలలూ మంకీ క్యాప్ పాలు. ఇంతా చేసి, సెలవులు దొరగ్గానే ఇంటిల్లిపాదీ కారెక్కి లంబసింగి పోతారు, మంచు చూడటానికి! తెల్లారకముందే బుడ్డోణ్ని పొగమంచులో నిలబెట్టి ఫొటోలు తీస్తారు. మొహం కనపడటం లేదని మంకీ క్యాప్ కూడా తీసేస్తారు.