ఒరిజినల్ ఇంజనూ, వంశగౌరవమూ

ఇంగ్లండులో పాత స్పోర్ట్స్ కార్ల పెద్దలకు ఓ తీరని ధర్మసందేహం: ఎంజీ, జాగ్వార్ లాంటి కారుకు వేరే ఇంజను వేస్తే వంశగౌరవం నిలుస్తుందా? 2018లో పెళ్లయిన సాయంత్రం ప్రిన్స్ హ్యారీ కొత్త పెళ్లికూతుర్ని కరెంటు మోటారు బిగించిన జాగ్వార్ ఈ-టైపులో విందుకు తీసుకెళ్తే లోకం మురిసిపోయింది. మరుసటి ఏడాది పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా మాత్రం, కరెంటుకు మారిన బండి ఇక చారిత్రక వాహనం కాదని వెలేసింది.

ఈ పంచాయితీలో శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని మన కంచిలికీ మాట్లాడే హక్కుంది. 1955లో వచ్చిన ఎంజీఏ స్పోర్ట్స్ కారుకు పెట్టిన 1489 సీసీ బీఎంసీ ఇంజనుతోనే మన అంబాసిడరూ ఏళ్ల తరబడి నడిచింది. అన్న ఇంగ్లండులో రేసులకెళ్లాడు. తమ్ముడు బెంగాల్‌లోని ఉత్తరపారాలో పుట్టి, మన రైల్వే స్టేషన్ బయట బాడుగ కోసం నిలబడ్డాడు.

తమ్ముడికి తాగుడెక్కువ. వెనక సీట్లో పెళ్లివారిని కుక్కి, డిక్కీలో కొబ్బరికాయల బస్తా వేసుకుని కవిటి వెళ్లొస్తే, వచ్చిన బాడుగంతా పెట్రోలు బంకుకే. అందుకే కంచిలి మేస్త్రి చైనుపుల్లీ తగిలించి పెట్రోలు ఇంజను దించేవాడు, డీజిల్‌ది ఎక్కించేవాడు. బోల్టు బెజ్జాలు కలవకపోతే కొత్తవి వేసేవాడు. ‘ఇంజనేదైతే ఏటి బావూ? బండి ఇచ్ఛాపురం ఎల్లి రావాల, నీ సేతిలో నాలుగు డబ్బులు మిగలాల’ అన్నదే ఆయన సిద్ధాంతం. 1990ల్లో కంపెనీయే జపాన్ ఇసుజు ఇంజను పెట్టి అంబాసిడర్లు అమ్మింది. అప్పుడెవరికీ వంశం గుర్తురాలేదు.

దొరల ఇంట మాత్రం? ఏసీ ఏస్ కారుకు సొంత ఇంజను చాలక బ్రిస్టల్‌ది పెట్టారు. ఆ బ్రిస్టల్ పుట్టిల్లు జర్మనీ బీఎండబ్ల్యూ. 1962లో అదే కారులో అమెరికా ఫోర్డ్ వీ8 దూర్చి కోబ్రా అని పేరు పెడితే, నేడది కోట్లు పలుకుతోంది. 1973లో ఎంజీబీలో పెట్టిన రోవర్ వీ8 కూడా అమెరికా బ్యూయిక్ సంతానమే. ఫ్యాక్టరీ మారిస్తే చరిత్ర, మేస్త్రి మారిస్తే ఆర్టీవో ఆఫీసు చుట్టూ ప్రదక్షిణ!

మన సర్కారూ 2021లో తేల్చేసింది. యాభై ఏళ్లు నిండి, ఛాసిస్, బాడీ, ఇంజను మారకుండా ఉన్న బండికి 20 వేలు కడితే ‘వీఏ’ నంబరుతో వింటేజ్ హోదా. దాన్ని రోజూ నడపకూడదు, బాడుగకు తిప్పకూడదు. అంటే షెడ్డులో నిద్రపోయిన బండి వారసత్వ సంపద. పురిటి నొప్పుల మనిషిని అర్ధరాత్రి ఆసుపత్రికి చేర్చడానికి ఇంజను మార్చుకున్నది తుక్కు.

కనుక ఉద్దానం సోదరులారా, ఇవాళ కొన్న కారు స్టార్ట్ చేయకండి. టార్పాలిన్ కప్పి, పెళ్లిళ్లకు ఆటోలో వెళ్లండి. యాభై ఏళ్లకు మీ మనవడికి వింటేజ్ నంబరు ఖాయం. 20 వేలకు మాత్రం ఇంకొంచెం కలిపి దాచండి. ఇంజను మారకపోవచ్చు గానీ, ఫీజు మారదని ఏ సర్కారూ హామీ ఇవ్వలేదు.