బూడిదలో పన్నీరు

ఇంట్లో సబ్బు చేయడం కాస్త చేతికొచ్చిందో లేదో, నా బుద్ధి పక్కదారి పట్టింది. కొబ్బరినూనె, ఆముదం, కాస్టిక్ సోడా, నీళ్లు. ఇంతే కదా, ఆ నీళ్ల బదులు పన్నీరు పోస్తే?

కన్నౌజ్ పన్నీరు తెప్పించాను. అక్కడ రాగి బానల్లో గులాబీలను నీళ్లతో కాచి, వెదురు గొట్టం గుండా వచ్చే ఆవిరిని చల్లార్చి పడతారు. గులాబీ పరిమళానికి ముఖ్యమైన ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్ నీళ్లలో కరుగుతుంది. పన్నీటికి ఆ వాసన అందుకే. వాళ్లంత ఓపిగ్గా పట్టినదాన్ని నేను స్టీలు గిన్నెలో పోసి కాస్టిక్ సోడా వేశాను. వేడి 80 డిగ్రీలు దాటింది. పరిమళం చాలావరకు ఆవిరితో లేచిపోయింది. మిగిలినవాటిలో సున్నితమైనవి క్షారానికి తట్టుకోలేదు. నీళ్లు పసుపు తిరిగాయి. అందానికని సబ్బుల మీద అద్దిన ఎండు రేకులు నల్లబడి, బొద్దింక రెక్కలు అతికించినట్టు తయారయ్యాయి.

బూడిదలో పోసిన పన్నీరు అని చిన్నప్పటినుంచీ వింటున్నదాన్నే. బూడిదలో ఉండేదీ క్షారమే, పూర్వం సబ్బు వండింది దాంతోనే. సామెత హెచ్చరించిన పనిని నేను తయారీ విధానంగా తీసుకున్నాను.

ఇంతవరకూ అజ్ఞానం. అసలు మూర్ఖత్వం ఇక్కణ్ణుంచి. సంగతి తెలిశాక కూడా, చీటీ మీద 'అసలైన పన్నీటితో' అని రాసుకునే సరదా వదల్లేదు. తర్వాతి వాయికి సోడాను డిస్టిల్డ్ వాటర్‌లోనే కరిగించి, మిశ్రమం చిక్కబడ్డాక ఓ మూతెడు పన్నీరు చిలకరించాను. నెల పైన ఆరే సబ్బులో నీళ్లే చాలావరకు ఎగిరిపోతాయి. ఏదైనా మిగిలినా ఒంటి మీద ఉండేది క్షణాలు, ఆపైన చెంబెడు నీళ్లు. మూతెడు పన్నీటితో బాగుపడింది చీటీ ఒక్కటే.

మా వదిన వాసన చూసి, "ఏం ఘుమాయిస్తోందే గులాబీ!" అంది. అందులో నూనె వాసన తప్ప ఏమీ లేదని నాకు తెలుసు. అయినా చీటీ ఇంకోసారి చదువుకుని నేనూ వాసన చూశాను. నాకూ వచ్చింది!

ఇప్పుడు పన్నీరు ముల్తానీ మట్టి కలపడానికే. నిలవకు మందులు కలపని సీసా కాబట్టి ఫ్రిజ్‌లో ఉంటుంది. సబ్బు చీటీ మీద 'కొబ్బరి సబ్బు' అని రాస్తున్నాను. మొన్న వదిన, "ఈసారి వాసన తగ్గిందేం, పన్నీరు తక్కువ పోశావా?" అంది.

"అవునొదినా, కాస్త పిసినారితనం చేశాను" అన్నాను.