కోడికి టీకా, కామందుకు మంత్రం

బెజవాడలో ఎవరికైనా సర్పి లేచిందంటే మొదటి ఫోను డాక్టరుకు వెళ్ళదు, మంత్రం వేసేవాళ్ళ ఆచూకీ తెలిసిన పిన్నిగారికి వెళ్తుంది. "తలా తోకా కలిశాయంటే ప్రాణానికే ముప్పు!" అని ఆవిడ హడలగొడుతుంది. జాజు పూస్తారు, పెదవులు కదుపుతారు, మూడు పూటలు రమ్మంటారు. పైన ఇమ్యూనిటీ పెంచే పొడి ఒక డబ్బా.

చిన్నప్పుడు ఆటలమ్మ పోసిన వైరసే ఈ పాము. అప్పుడు ఎక్కడికీ పోలేదు, వెన్ను పక్క నరాల ముడుల్లో కాపురం పెట్టింది. ఏళ్ళు గడిచి ఒంట్లో కాపలా సడలాక ఒక నరం వెంట బయటికొస్తుంది. ఆ నరం ఒంట్లో ఒక పక్కకే పరిమితం కనుక పొక్కులు సాధారణంగా నడిమి గీత దగ్గరే ఆగిపోతాయి. తలా తోకా కలవనిది అందుకే. ఇందులో మంత్రం మహిమేమీ లేదు.

వేషం కట్టడంలో కూచిపూడిని మించిన ఊరు లేదని మన గర్వం. సర్పి వైరస్ పుట్టిన హెర్పిస్ కుటుంబం వేషాలు చూడలేదు కాబట్టి! మన ఒంట్లో ఇంటర్‌ల్యూకిన్-10 అనే ప్రోటీన్ "ఇక చాలు, ఆయుధాలు దించండి" అని రక్షక కణాలకు కబురు చేస్తుంది. ఆ కుటుంబంలోని ఎప్‌స్టీన్-బార్ వైరస్ దగ్గర దాని నకలు ఉందని 1990లో బయటపడింది. నూటికి 80కి పైగా పోలిక! సైటోమెగలో వైరస్ మన కణాల గుర్తింపు కార్డుకే నకలు తయారు చేసింది. సర్పి వైరస్ పైపొరలోని ఒక ప్రోటీన్ మన కణాల గ్రాహకంలా నటించి యాంటీబాడీని తోక దగ్గర పట్టుకుంటుంది.

దొంగ సంతకంతో "దాడి ఆపండి" అని ఉత్తర్వు అందుకున్న పోలీసులకు ఆ డబ్బాలోని మునగాకు పొడి పెడితే ఏమవుతుంది? బలంగా తిని, ఆ ఉత్తర్వునే మరింత శ్రద్ధగా పాటిస్తారు.

మరి మంత్రంతో తగ్గినవాళ్ళో? సర్పి మామూలుగా రెండు నుంచి నాలుగు వారాల్లో తనంతట తానే మానుతుంది. ఒళ్ళు చేసిన పనికి మంత్రం తన సంతకం పెట్టుకుంటుంది. నకలు విద్య వైరస్‌కొక్కదానికే తెలుసా?

హనుమాన్ జంక్షన్ వైపు కోళ్ళఫారాలు చూడండి. కోళ్ళకొచ్చే మారెక్స్ వ్యాధి కూడా హెర్పిస్ వైరస్ పనే. అదీ కోడి కబురు ప్రోటీన్‌ను అనుకరించి తెల్లకణాలను పిలిపించుకుంటుంది. ఆ జబ్బు రాకుండా హేచరీలో పిల్లకు పుట్టిన రోజే టీకా పడుతుంది. కోడిపిల్ల చెవిలో మంత్రం ఊదే రైతు లేడు, అక్కడ పోయేది డబ్బు! ఆ ఫారం కామందుకే సర్పి లేస్తే మాత్రం జాజు గిన్నె బయటికొస్తుంది.

పొక్కులు లేచిన 72 గంటల్లోపు ఎసైక్లోవిర్ లాంటి మందు మొదలుపెట్టడం మేలు. నుదుటి మీదో కంటి దగ్గరో లేస్తే చూపుకే ప్రమాదం. పుండు మానినా నరాల మంట కొందరిని నెలల తరబడి వదలదు. యాభై దాటినవాళ్ళకు టీకా కూడా ఉంది. డాక్టరుగారి దగ్గరికి వెళ్ళండి. మీ ఒంటికి కనీసం కోడిపిల్లపాటి విలువైనా ఇవ్వండి.