ఆముదం తాగిన అంబాసిడర్

మాది ఆమదాలవలస. రైలు దిగితే మాత్రం బోర్డు మీద ‘శ్రీకాకుళం రోడ్’ అని ఉంటుంది. ఊరొకటి, పేరొకటి అనే విద్య మాకు ప్లాట్‌ఫారం మీదే అబ్బుతుంది. అందుకే మా బావమరిది పదిహేను లీటర్ల నల్లటి నూనె డబ్బా గుమ్మంలో దించి, “ఇది బజ్జీల నూనె కాదు బావా, డీజిలు!” అన్నప్పుడు నేను ఉలిక్కిపడలేదు. పేరు మార్చాడు, అంతే కదా అనుకున్నాను.

మా మామగారు అతనికి వదిలిపోయిన ఆస్తి రెండెకరాల మెట్ట, ఒక డీజిల్ అంబాసిడర్. మెట్ట అమ్ముడుపోయింది. అంబాసిడర్ పోలేదు. 2014లో ఉత్తరపారాలో ఆ కార్ల తయారీ ఆగిపోయాక దాన్ని కారు అనడం మానేసి ‘వారసత్వం’ అంటున్నాడు. వారసత్వానికి లీటరు వందకు చేరువైన డీజిలు పోయడం దండగనీ, బజ్జీల బళ్ల దగ్గర వృథాగా పోయే నూనెతో నడిపితే పైసా ఖర్చుండదనీ ఎక్కడో విని వచ్చాడు.

ఏ మతానికైనా ఒక స్థలపురాణం ఉండాలి. వంటనూనెతో బండి నడిపేవాళ్లదీ ఒకటుంది. 1900లో పారిస్ ప్రదర్శనలో ఒట్టో కంపెనీ వాళ్లు చిన్న డీజిల్ ఇంజనును వేరుశనగ నూనెతో నడిపారు. ఇది నిజమే. ఆ ఇంజను కనిపెట్టిన డీజిల్ దొరే ఆ సంగతి తర్వాత చెప్పుకున్నాడు. కాకపోతే ఆ నూనెలో ముందు ఎవరూ మిరపకాయ బజ్జీలు వేయలేదు. రెండో అధ్యాయం బొగ్గు బస్సులు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పెట్రోలు కరువై మన బస్సులు బొగ్గు గ్యాసుతో నడిచాయి. అదీ నిజమే. మెరక వస్తే జనం దిగి తోసేవారని మా తాతగారు చెప్పేవారు. యుద్ధం అయిపోయి పెట్రోలు దొరగ్గానే ఆ బొగ్గు కుంపట్లను ఊడబీకి పారేశారు. గతిలేక తాగిన గంజిని విందుభోజనం పద్దులో రాసుకోవడం మా వాడి ప్రత్యేకత.

“అసలు మన ఊరి పేరులోనే ఆముదం ఉంది బావా. ఇంతకన్నా శకునం ఏం కావాలి?” అన్నాడు.

ఆముదానికీ ఇంజనుకూ పాత చుట్టరికమే. మొదటి ప్రపంచ యుద్ధంలో గిరగిరా తిరిగే విమానం ఇంజన్లకు ఆముదమే కందెన. క్యాస్ట్రాల్ అన్న పేరులో ఉన్నది ఆ ఆముదమే. ఇంజను కక్కిన ఆముదపు తుంపర్లు మింగి పైలట్ల కడుపులు జారిపోయేవట. కానీ కందెన వేరు, ఇంధనం వేరు. డీజిలు ఇంజనులో నిప్పురవ్వ ఉండదు. గాలిని బలంగా నొక్కితే అది కాగుతుంది. ఆ కాగిన గాలిలోకి నాజిల్ డీజిలును మంచులా చిమ్మితే భగ్గుమంటుంది. మామూలు వంటనూనె డీజిలు కన్నా పది రెట్లు చిక్కన, ఆముదమైతే యాభై రెట్లకు పైనే. చిక్కటి నూనె మంచులా రాదు, ముక్కు చీదినట్టు వస్తుంది. సగం కాలుతుంది. కాలని సగం నాజిల్ మూతి మీద బొగ్గై కూర్చుంటుంది, మిగిలింది సిలిండరు గోడల వెంట జారి సంపులోని ఇంజనాయిలును బంక చేస్తుంది. ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం కావచ్చు గానీ, ట్యాంకులో డీజిలు ఉన్నచోట దాని పప్పులు ఉడకవు.

సరే, ఆముదం మానేసి మరికొంత ‘వృథా’ నూనె కోసం ఇద్దరం స్టేషను రోడ్డులో బజ్జీల బండి దగ్గరికి వెళ్లాం. “అప్పా, పారబోసే నూనె ఉంటే ఇస్తావా?” అని అడిగాడు మా వాడు.

ఆవిడ జల్లిగరిటె ఎత్తి మమ్మల్ని ఎగాదిగా చూసింది. “పారబొయ్యడానికి నూనె ఏటుంది బాబూ? పొద్దున్న గారెలు, సందేళ బజ్జీలు, తగ్గితే పైన కొత్తది పోత్తాను. అడుగున మిగిలింది ఇంటికాడ కూరకి. మీకేటి కావాల, బజ్జీలా, నూనా?”

నాకు ఆ క్షణంలోనే ఈ సిద్ధాంతం మొత్తం తెల్లారిపోయింది. హోటళ్లవాళ్లు పీపాల కొద్దీ నూనె పారబోసే దేశంలో పుట్టిన తెలివిని తెచ్చి, నూనె చుక్క నేల రాలితే కళ్లకద్దుకునే ఊళ్లో దుకాణం పెట్టాడు మా వాడు. ఇక్కడ వృథా నూనె లేదు, ఇంకా పూర్తిగా తినని నూనె మాత్రమే ఉంది. మా వాడు బతిమాలితే ఆవిడ చివరికి కిలో అరవైకి ఒప్పుకుంది. మర్నాటికి పక్క బండివాడు డెబ్బై అన్నాడు. వారం తిరిగేసరికి ఎనభై. ఉచితం అన్న మాట బజారెక్కిన రోజే దానికి ధర పుట్టింది.

చట్టం ఏమంటోందంటే, నూనె పదేపదే కాగి అందులో పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే వంటకు వాడకూడదు. 2018 జూలై నుంచి అమల్లో ఉన్న నిబంధన ఇది. అలాంటి నూనెను బయోడీజిల్ తయారీకి మళ్లించాలని ఆహార భద్రతా సంస్థ ఆ ఏడాదే పథకం కూడా పెట్టింది. దీనితో నాకు పేచీ లేదు. ఆ నూనె మన పేగుల్లోకి పోవడం కన్నా ఫ్యాక్టరీకి పోవడమే మేలు. కాకినాడలో పెద్ద బయోడీజిల్ కర్మాగారమే ఉంది. కానీ అది కర్మాగారం. అక్కడ రసాయనవేత్తలుంటారు, పరీక్షలుంటాయి. మూతపడ్డ చక్కెర ఫ్యాక్టరీని తెరిపించుకోలేని ఊళ్లో, పెరట్లో నూతి పక్కన నూనె శుద్ధి పరిశ్రమ పెడతానంటేనే నాకు నవ్వొస్తుంది.

మా వాణ్ణి ఒక్కణ్ణే అనడం అన్యాయం. ఇదే పాట ప్రభుత్వమూ పాడింది. 2003లో ప్రణాళికా సంఘం అడవి ఆముదం మంత్రం అందుకుంది. బీడు భూముల్లో నాటితే చాలు, నీళ్లక్కర్లేదు, మేకలు ముట్టవు, కాయలు కాస్తూనే ఉంటాయి, డీజిలులో 20 శాతం అదే అవుతుందన్నారు. 2009 విధానంలో ఆ 20 శాతానికి 2017 గడువు పెట్టారు. 2018లో కొత్త విధానం వచ్చింది: 5 శాతం, గడువు 2030. లక్ష్యం నాలుగో వంతుకు దిగింది, గడువు పదమూడేళ్లు ఎగిరింది. మేకలు ముట్టవన్న ఒక్క మాటే నిలబడింది. నీళ్లు లేనిచోట మొక్క బతికింది గానీ కాయలేదు. ఇంతకీ బీడు అన్న భూమి ఎవరిది? ఎవరి ఆవులో మేసేది, ఎవరి పొయ్యిలోకో పుల్లలు ఏరుకునేది. ఒకడి మేతకు ‘వృథా’ అని పేరు పెడితే ఇంకొకడికి పథకం అవుతుంది.

కానుగ కథ కొంత నయం. ఆదిలాబాద్ ఏజెన్సీలో పవర్‌గూడ ఆడవాళ్లు కానుగ మొక్కలు పెంచి, గింజలు ఏరి, నూనె ఆడించారు. ఆ నూనె వల్ల పదేళ్లలో తగ్గబోయే 147 టన్నుల కార్బన్ డయాక్సైడుకు 2003లో ప్రపంచబ్యాంకు 645 డాలర్లు చెల్లించింది. ఎందుకయ్యా అంటే, వాషింగ్టన్‌లో తన సభకు విమానాల్లో వచ్చిన పెద్దల పొగకు ప్రాయశ్చిత్తంగా! పొగ వదిలింది ఒకరు, గింజలు ఏరింది ఇంకొకరు. అక్కడ కూడా నూనె ఊరికే రాలేదు, ఆడవాళ్ల నడుములు వంగితే వచ్చింది.

ఊరికే వస్తుందన్నవాడు ఒకడున్నాడు. 1996లో తమిళనాడులో రామర్ పిళ్లై ఆకులు, నీళ్లు కలిపి ‘మూలికా పెట్రోలు’ చేశానన్నాడు. దేశం నోరు వెళ్లబెట్టింది. 2016లో చెన్నై కోర్టు మూడేళ్ల జైలు వేసింది. ఆ ఇరవై ఏళ్లలో ఎన్ని పాత కార్లు తుక్కుకు పోయాయో!

మా అంబాసిడర్ మాత్రం తుక్కుకు పోనంది. వడగట్టిన నూనె పోశాక రెండు వారాలు బాగానే తిరిగింది. వెనక పకోడీ వాసన, ఆ వెనక రెండు కుక్కలు. మూడో వారం పొద్దున్నే సెల్ఫ్ కొడితే ఖళ్ళుఖళ్ళుమని దగ్గి ఊరుకుంది. మెకానిక్ వచ్చి నాజిళ్లు విప్పి అరచేతిలో పెట్టి చూపించాడు. మూతులకు నల్లటి పెచ్చు. ఫిల్టరులో శనగపిండి రేణువులు, ఒక జీలకర్ర గింజ.

అప్పుడు మా వాడికి రెండో దివ్యజ్ఞానం కలిగింది: “నూనె చిక్కదనం విరగ్గొట్టాలి బావా, మిథనాలూ కాస్టిక్ సోడా కలిపితే చాలు.” నిజమే, బయోడీజిల్ చేసేది అలాగే. కానీ మిథనాల్ అంటే కల్తీ సారాలో మనుషుల్ని చంపేది. అది సరిపడా దొరక్కపోవడం మా పెరటి అదృష్టం. దొరికిన కొంచెంతోనే కానిచ్చాడు. పైగా పదిసార్లు కాగిన నూనెలో ఆమ్లం ఎక్కువ. అలాంటి నూనెకు కాస్టిక్ తగిలితే ఇంధనం రాదు. తెల్లారి చూస్తే బక్కెట్టులో పచ్చటి జిగురు గడ్డకట్టుకుని కూర్చుంది.

అయినా తగ్గలేదు. “పలాసలో జీడితొక్కల నూనె వృథాగా పోతోందట!” అన్నాడు. చర్మానికి తగిలితే పొక్కులెక్కే ఆ నూనె కూడా వృథా కాదు. దాన్ని కొని రంగుల్లో, బ్రేకు లైనింగుల్లో వాడేవాళ్లు ఎప్పట్నుంచో ఉన్నారు. బండి నడపడానికి మా వాడు వెతుకుతున్న నూనె బండిని ఆపడానికి ముందే అమ్ముడుపోయిందన్నమాట.

లెక్క చూస్తే నూనెకు, నాజిళ్లకు, పంపు మరమ్మతుకు, మెకానిక్ కూలికి అయిన డబ్బుతో ఆ కారు ఏడాదిపాటు డీజిలు తాగేది. ఒంటికి ఆముదం రాసుకుని ఎంత పొర్లినా అంటుకునేదే అంటుకుంటుందంటారు. ఇక్కడ అంటుకున్నది అప్పు.

మొన్న సాయంత్రం వెళ్లేసరికి ఇంజను మళ్లీ బిగించేసి, డీజిలు పోసి, ఎయిర్ తీసి స్టార్ట్ చేశాడు మెకానిక్. మోచేతుల దాకా మసి. నూతి దగ్గర బక్కెట్టులోని ఆ పచ్చటి గడ్డ చిదిమి చేతులకు రుద్దుకుంటున్నాడు. నురగ బాగానే వస్తోంది.

“బావుగారూ, ఈ సబ్బు ఎక్కడ కొన్నారండీ?” అన్నాడు. “మసి బేగి వదిలిపోతంది.”